అప్‌డేట్: టీచర్ చదువుకి కమ్యూనిటీ కాలేజీలో చేరిపోయాను

చేరకముందు ఇక్కడ అడిగాను కదా, టెక్సస్‌లో ఉంటున్నాను, ఇంటర్ తర్వాత పెళ్లయి డిగ్రీ ఆగిపోయింది, మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్పాలని ఉంది, కమ్యూనిటీ కాలేజీతో (రెండేళ్ల చదువుండే స్థానిక కాలేజీ) మొదలుపెట్టొచ్చా అని. చేరాను, ఏడాది గడిచింది.

నేను తీసుకున్నది అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్ అనే రెండేళ్ల డిగ్రీ, 4 నుంచి 8వ తరగతి వరకు చెప్పేవాళ్లది. ఇదొక్కటే ఉంటే టీచర్ ఉద్యోగం రాదు, తర్వాత యూనివర్సిటీకి మారి బ్యాచిలర్స్ పూర్తి చేసి, సర్టిఫికేషన్ పరీక్షలు రాయాల్సిందే. అందుకే, మారబోయే యూనివర్సిటీ ఏ కోర్సులు ఒప్పుకుంటుందో ముందే కనుక్కోమని అప్పుడు జవాబిచ్చిన అక్కకి దండం.

ఎడ్యుకేషన్ 1301 అనే మొదటి కోర్సులో 16 గంటలు నిజమైన క్లాసుల్లో కూర్చుని చూడాలి. నాకు ఆరో తరగతి వచ్చింది. టీచర్ గుమ్మం దగ్గరే నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తుంది, బోర్డు మీద అప్పటికే ఒక లెక్క ఉంటుంది, బ్యాగు దించగానే పిల్లలు దాని మీద పడాలి. బెత్తం, గోడకుర్చీ చూసి పెరిగినదాన్ని, వింతగానే అనిపించింది.

చెమటలు పట్టించింది మాత్రం టీచర్ల కోసం ఉన్న లెక్కల కోర్సు, మ్యాథ్ 1350. 3ని 1/2తో భాగిస్తే 6 అని మనకి నోటికొచ్చు, తిరగేసి గుణించడమే కదా, కానీ ఎందుకు తిరగేస్తాం అన్నది సూత్రం చెప్పకుండా కాగితం పట్టీలు మడిచి చూపించాలి. ఎంసెట్ ర్యాంకర్లు ఒకసారి ప్రయత్నించండి!

నా ఇంగ్లీషు యాసతో క్లాసులో ఇబ్బందవుతుందని భయపెట్టినవాళ్లకి: పిల్లలు అసలు పట్టించుకోలేదు, నా బొట్టు గురించే అడిగారు.

తర్వాతి కోర్సు ఎడ్యుకేషన్ 2301, ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి. ఎవరైనా చదివి ఉంటే ఎలా ఉంటుందో చెప్పండి.