వనామీ రొయ్యల చెరువు: 60 కౌంట్‌లో (కిలోకు 60 రొయ్యలు తూగినప్పుడు) పట్టేయాలా, 40 దాకా ఆగాలా? ఈ లెక్క ఎలా కట్టాలి?

కాళ్ల_గట్టు:
ఎకరం చెరువు, లక్ష పిల్ల. 80 వేలు బతికి ఉన్నాయని అంచనా, ఇవాళ 60 కౌంట్. లెక్క కోసం కిలో ధర 60కి 300, 50కి 330, 40కి 370 అనుకుందాం. 50కి రావడానికి రెండు వారాలు. మేత, కరెంటు, మినరల్స్ కలిపి 60 వేలు. అక్కడి నుంచి 40కి ఇంకో మూడు వారాలు, 90 వేలు. మధ్యలో జబ్బు తగిలితే హడావిడిగా పట్టినా రెండున్నర లక్షలకు మించి రాదు. జబ్బు అవకాశం వారానికి 10 శాతం.

ఇవాళ పడితే 4 లక్షలు. 40 దాకా ఆగితే ఐదు వారాల ప్రమాదం 41 శాతం, ఖర్చులు పోను సగటున 3.89 లక్షలే తేలుతోంది. అంటే ఇవాళే పట్టేయడం మేలనేగా? ఎక్కడైనా తప్పుతున్నానా అండి?

లంక_లెక్కలు:
కూడికలు సరిగానే ఉన్నాయండి, ప్రశ్న దగ్గరే తప్పింది. మీరు "ఇవాళా, ఐదు వారాల తర్వాతా" అని రెండే దారులు పెట్టుకున్నారు. 50 కౌంట్ దగ్గర ఆగి మళ్లీ నిర్ణయించుకునే హక్కు మీకుంది, దానికీ విలువ కట్టాలి. 1957లో వచ్చిన పుస్తకంలో గణిత శాస్త్రవేత్త రిచర్డ్ బెల్‌మన్ డైనమిక్ ప్రోగ్రామింగ్ అన్నది ఈ పద్ధతినే: చివరి మెట్టు నుంచి వెనక్కి రావాలి.

ముందు 50 దగ్గర నిలబడండి. అప్పుడే పడితే 1,600 కిలోలు, 5.28 లక్షలు. ఇంకా ఆగితే 2,000 కిలోలకు 7.40 లక్షలు వస్తుంది, ఖర్చు 0.90 పోతే 6.50. మూడు వారాల్లో జబ్బు అవకాశం 27 శాతం, తగిలితే 7.40 బదులు 2.50 వచ్చి 4.90 తగ్గుతుంది. సగటు 5.17. అంటే 50 దగ్గర పట్టేయడమే నయం, ఆ మెట్టు విలువ 5.28.

ఇప్పుడు ఇవాళ్టికి రండి. రెండు వారాల ప్రమాదం 19 శాతం. 0.81 × 5.28 + 0.19 × 2.50 − 0.60 = 4.15. ఇవాళ్టి 4.00 కంటే ఇది ఎక్కువ. కాబట్టి రెండు వారాలు ఆగి, 50లో పట్టేయాలి.

అదే జబ్బు అవకాశం వారానికి 8 శాతమైతే 40 దాకా వెళ్లడమే లాభం. 15 అయితే ఇవాళే వల దించాలి. నిర్ణయమంతా ఆ ఒక్క అంకె మీద ఊగుతోంది, దాన్ని గాల్లోంచి తీసుకోకండి.

ఉప్పుటేరు_పక్క:
ఆ అంకె గురించే చెబుతా. జబ్బు కంటికి కనపడదు, కనిపించేవి దాని గుర్తులే. మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్లలో దించే పళ్లెం) ఎత్తితే అడుగున తడిసి ఉబ్బిన గింజలు మిగిలి ఉన్నాయనుకోండి. జబ్బు చెరువులో అలా మిగిలే అవకాశం 70 శాతం, బాగున్న చెరువులో 20 శాతం అని పెట్టుకుందాం. ముందు అనుమానం 10 శాతమైతే, ఆ ట్రే చూశాక 28 అవుతుంది. మర్నాడూ మిగిలితే లెక్క ప్రకారం 58.

ఎక్కువమంది పొరపడేది ఈ రెండో రోజు దగ్గరే. రెండు రోజులూ మబ్బు పట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయుంటే, రెండు ట్రేలూ ఒకే కారణం వల్ల మిగిలాయి. రెండు సాక్ష్యాలుగా గుణించకూడదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్య గుల్ల వదిలేటప్పుడూ మేత తగ్గుతుంది. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగ్, గుల్ల మెత్తదనం, పేగు నిండుగా ఉందా లేదా, ఈ మూడూ చూశాకే అనుమానం పెంచండి.

కౌంట్ తీసేటప్పుడు విసురు వల ఒక్క మూలే వేయకండి. మేత పడేచోట పెద్దవి పోగవుతాయి, కౌంట్ బాగున్నట్టు కనిపిస్తుంది. నాలుగు వైపులా, మధ్యలో వేసి, నీరు కార్చి తూచండి. 80 వేలు అన్నది కూడా మేత వాడకంతో సరిచూడాలి, అడుగున చచ్చినవి వలకు రావు కదా.

వైట్ స్పాట్ (వైరస్ జబ్బు), ఈహెచ్‌పీ (సూక్ష్మ పరాన్నజీవి తెచ్చే జబ్బు) ఒకే గంపలో వేయొద్దు. మొదటిది 3 నుంచి 10 రోజుల్లో చెరువంతా ఊడ్చేయగలదు. రెండోదాంట్లో అసలు నష్టం పెరుగుదల ఆగడం: రెండు వారాల మేత తిని కూడా 50కి రాదు. అప్పుడు మార్చాల్సింది జబ్బు శాతం కాదు, కౌంట్ మారే వేగం. పీసీఆర్ (జబ్బు క్రిమి ఉందో లేదో ల్యాబులో తేల్చే) పరీక్ష ఫలితాన్ని బట్టి మీ నిర్ణయం మారేలా ఉంటేనే చేయించండి. ఏది వచ్చినా పట్టేసేదే అయితే ఆ డబ్బు దండగ.

భీమవరం_డ్రైన్:
మీ రెండున్నర లక్షల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. జబ్బు మీ ఒక్క చెరువుకే రాదు. ఒకే డ్రైన్ (మురుగు కాలువ) నీళ్లు తోడుకునే చెరువులన్నీ ఒకే వారం వల దించితే ఐసు దొరకదు, బండి దొరకదు, ఏజెంటు రేటు కోస్తాడు. ఆ అంకె ఒకటిన్నరకు పడితే రెండు వారాల ఎదురుచూపు విలువ 3.96 అవుతుంది. నాలుగు లక్షల కంటే తక్కువ, ఇవాళే పట్టేయాలి. ధర, జబ్బు వేర్వేరనుకున్న లెక్క ఇక్కడే మోసం చేస్తుంది.

పార్షియల్ (కొన్ని రొయ్యలే ముందు పట్టడం) గురించి ఎవరూ అనలేదు. 24 వేల రొయ్యలు, అంటే 400 కిలోలు తీసేస్తే 1.20 లక్షలు చేతికొస్తాయి, మిగిలినవాటికి చోటు దొరుకుతుంది. అయితే వల ఈడిస్తే అడుగు నల్లమట్టి లేచి ఆక్సిజన్ పడుతుంది, ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఆపకూడదు. ట్రే మీద అనుమానం ఉన్నప్పుడు మాత్రం పార్షియల్ జోలికి వెళ్లొద్దు. ఆ ఒత్తిడికే జబ్బు బయటపడుతుంది.

కాళ్ల_గట్టు:
ఇదంతా కంప్యూటరే చెరువు చూసి నేర్చుకోలేదా? ఆటలు నేర్చుకుంటున్నాయిగా.

లంక_లెక్కలు:
ఆటలో అది లక్షలసార్లు ఓడి నేర్చుకుంటుందండి. చెరువుకు ఏడాదికి రెండు మూడు పంటలు, ప్రతి ఓటమీ ఒక అప్పు. ముందు కంప్యూటర్‌లోనే నకిలీ చెరువు కట్టి అందులో నేర్పాలి, దానికి నిజం చెరువుల లెక్కలు కావాలి: రోజూ తెల్లవారుజాము డీఓ, ట్రేలో మిగిలిన మేత గ్రాముల్లో, వారం వారం కౌంట్, ఆ రోజు ఏజెంటు చెప్పిన రేటు. పట్టకుండా ఆగిన రోజులవీ రాయాలి. పట్టుబడి రోజువే రాస్తే, ఆగితే ఏమయ్యేదో దానికి ఎప్పటికీ తెలియదు.