కొబ్బరిది నారా, పీచా?

"కొబ్బరి నార" సరైన మాటేనా అని ఒకరు అడిగారు. పేపర్లలో ఆ మాట అప్పుడప్పుడు కనిపిస్తుంది గానీ, మా కోనసీమలో అలా అనరండి. కొబ్బరికాయ డొక్క (పై తొక్క) నుంచి వచ్చేది పీచు, దాంతో పేనేది కొబ్బరి తాడు, పీచు తీస్తుంటే రాలేది పొట్టు. నార అంటే మాకు అరటినార, గోగునార, జనపనార.

కాండం నుంచి వస్తే నార, కాయ నుంచి వస్తే పీచు అని చాలామంది చెబుతారు. కొబ్బరికి, బీరకాయకి, మామిడిపండుకి ఆ లెక్క సరిపోతుంది. మరి చిక్కుడుకాయ కూర వండేముందు తీసేది నారే కదా? అదీ కాయే! అందుకే నాకు తోచేది వేరు. ఒలిస్తే పొడుగ్గా ఊడి వచ్చేది నార. చిక్కుపడి ఉండి, దంచి విదిలిస్తే గానీ విడిపోనిది పీచు. జనుము కట్టలు కట్టి చెరువులో ఊరవేస్తారు. బెరడులో జిగురు కుళ్ళాక మొదలు దగ్గర పట్టుకుని లాగితే నార కొసదాకా వచ్చేస్తుంది, పుల్ల చేతిలో మిగులుతుంది. గోగుదీ అదే పద్ధతి. అరటికి అంత శ్రమ కూడా లేదు. ఎండిన దొప్పని సన్నగా చీల్చి, తడిపి, పూలు కట్టుకోవడమే. పూలతో పాటు నారకీ వాసన అబ్బిందన్న సామెతలో ఉన్నది ఇలాంటి మెత్తని నారే అయ్యుంటుంది, గరుకు పీచుతో మల్లెలు ఎవరు కడతారు?

ఇంకో సాక్ష్యం ఉంది. కోపం వస్తే "నీ నార తీస్తా" అంటాం, పీచు తీస్తామని ఎవరూ బెదిరించరు. తిరునాళ్ళలో పిల్లలు కొనుక్కునేది మాత్రం పీచు మిఠాయి. ఈ మాటలు పుట్టించినవాళ్ళ చేతివేళ్ళకి ఆ తేడా తెలుసు.

— బావుందండి. కానీ జూట్ సంచుల్ని జనపనార సంచులు అంటున్నారు. జనుము, జూట్ ఒకటేనా?

కాదండి. జనుము చిక్కుడు కుటుంబం మొక్క. మన డెల్టాలో సార్వా (ఖరీఫ్) వరి కోతకు ముందే చేలో చల్లుతారు, పసుపుపచ్చ పూలు పూస్తుంది, పశువులకి మంచి మేత. పచ్చిరొట్టగా దున్నేస్తే భూమికి బలం. సంస్కృతంలో శణం, తమిళంలో చణల్, కన్నడంలో సెణబు అన్నవి దాని పేరుకి చుట్టాలే. జూట్ ఎక్కువగా బెంగాల్లో పండుతుంది, అది గోగు, బెండ, పత్తిల కుటుంబం. రూపం దగ్గరగా ఉంది కదా అని పాత నార పేరు దానికీ పెట్టేశారనిపిస్తుంది. దానివల్ల అసలు జనుముకి పేరు లేకుండా పోతోంది, అదే నా బాధ. నేనైతే జూట్‌ని జూట్ అనే రాస్తాను. వడ్ల బస్తాకి గోనె సంచి అన్న మాట ఎలాగూ ఉంది. ఇంగ్లీషువాళ్ళ "గన్నీ" కూడా మన దేశపు గోణి నుంచి వెళ్ళిందే.