ఇన్‌స్టాలో మోడలింగ్ ఛాన్స్ అట, ముందు డబ్బు కట్టాలట. తెలిసినవాళ్లు చెప్పండి

పటమట_అన్నయ్య:
మా చెల్లి డిగ్రీ ఫైనలియర్. చీర కట్టుకుని రీల్స్ పెడుతుంటుంది. నగల యాడ్‌కి సెలెక్ట్ అయ్యావని ఒక పేజీ నుంచి మెసేజ్ వచ్చింది. ఆడిషన్ లేదు, ఏమీ లేదు. ఆర్టిస్ట్ కార్డుకి 6,500 కట్టాలట, తర్వాత హైదరాబాద్‌లో పోర్ట్‌ఫోలియో షూట్ అట, అంటే ఛాన్సుల కోసం చూపించుకునే ఫొటోలు. పేజీకి బ్లూ టిక్ ఉందని చెల్లి నమ్మేసింది. వద్దంటే నా మీద కోపం. ఇది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి? పోర్ట్‌ఫోలియో ఎక్కడ చేయించాలి? అసలు బెజవాడలో ఈ పని దొరుకుతుందా?

బ్రాడీపేట_అమ్మ:
బ్లూ టిక్ నెలనెలా డబ్బు కడితే వస్తోందండీ, దాన్ని చూసి నమ్మకండి. మా ఆడపడుచు కొడుకు ఫొటో చూసి పిల్లల సబ్బు యాడ్ అన్నారు. మొదట రిజిస్ట్రేషన్, తర్వాత డ్రెస్సులకి, ఆ తర్వాత తిరిగిచ్చేస్తాం అంటూ డిపాజిట్. చివరికి రిఫండ్ అని క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టమన్నారు. డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. కొడితే మన ఖాతాలోంచి పోతుంది. పోయిన డబ్బు కన్నా, బాబు ఫొటోలు వాళ్ల దగ్గర ఉండిపోయాయే అన్నదే మా ఆడపడుచు దిగులు.

ఫ్లాష్_గుంటూరు:
అరండల్‌పేటలో స్టూడియో మాది. ఈ ఫీల్డ్ గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అసలైన ఏజెన్సీ కొత్తవాళ్లని ముందు అడిగేది డిజిటల్స్, అంటే ఉన్నది ఉన్నట్టు తీసిన సాదా ఫొటోలు. తెల్లగోడ, కిటికీ వెలుతురు, మేకప్ లేకుండా, ఒంటికి సరిపోయే మామూలు టీషర్టు, జీన్స్. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, ముఖం దగ్గరగా. ఫిల్టర్ వద్దు. ఫోన్‌తో తీసినా చాలు. మోడల్‌కి పని ఇప్పించి అందులో కమిషన్ తీసుకునేవాడు ఏజెంటు. ముందే వసూలు చేసేవాడికి ఆ వసూలే ఆదాయం. ఇంకో మాట. నా దగ్గరికొచ్చే పిల్లలు రా ఫైళ్లన్నీ, అంటే ఎడిట్ చేయని అసలు ఫైళ్లు, ఇచ్చేయమని గొడవ చేస్తారు. ఇవ్వను. తీసినవాడిదే ఫొటో.

బందరురోడ్డు_మోడల్:
ఆ చివరి మాట దగ్గరే నాకు మండుతుంది. నేను డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలు ఒక స్టూడియో వాళ్లు బట్టల షాపుకి అమ్ముకున్నారు. ఏలూరు రోడ్డులో ఫ్లెక్సీ మీద నా ముఖం చూసి మా నాన్న ఫోన్ చేశారు. వెళ్లి అడిగితే, పబ్లిసిటీ వచ్చిందిగా అన్నారు.

ఫ్లాష్_గుంటూరు:
అది వాళ్ల తప్పు. అందర్నీ ఒకే గాటన కట్టకండి. లైటింగ్ మాది, కెమెరా మాది, రాత్రంతా కూర్చుని ఎడిటింగ్ మాది. మీరు నిలబడ్డారు, అంతే.

బందరురోడ్డు_మోడల్:
అంతేనా? పున్నమి ఘాట్‌లో మే నెల ఎండలో పట్టుచీర, నగలు వేసుకుని నవ్వు ముఖంతో ఒక్కపూట నిలబడి చూడండి, అప్పుడు అనండి ఆ మాట.

గవర్నర్‌పేట_వకీలు:
ఇద్దరూ ఆగండి. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. కొలాబ్ అని డబ్బు లేకుండా తీస్తే మామూలుగా ఫొటోగ్రాఫర్‌దే. ఎక్కడెక్కడ వాడతారు, ఎన్నాళ్లు వాడతారు, ఇంకొకరికి ఇవ్వొచ్చా అన్నది షూట్‌కి ముందే రాయించుకోండి. 18 నిండనివాళ్లు పెట్టిన సంతకం చెల్లదు.

ఫ్లాష్_గుంటూరు:
సెక్షన్ 17లో రా ఫైల్ అనే మాట ఉందా సార్?

గవర్నర్‌పేట_వకీలు:
లేదు. ఫైలు చేతికివ్వాలా వద్దా అన్నది మీ మీ ఒప్పందం. అందుకే కాగితం మీద పెట్టుకోమంటున్నాను. మీరు పెట్టుకోరు, తర్వాత మా దగ్గరికొస్తారు.

తెనాలి_పెద్దాయన:
ఇంతకీ ఆడపిల్లల్ని ఇలాంటివాటికి పంపడం ఎందుకు? బుద్ధిగా చదువుకోమనండి.

బందరురోడ్డు_మోడల్:
బాబాయ్ గారూ, నేను ఎంకాం ఫీజు ఈ పని చేసే కట్టుకున్నాను. మోసం చేసినవాణ్ని వదిలేసి పిల్లని ఇంట్లో కూర్చోబెడతారా? మా వీధిలో ఒకమ్మాయిని ఫొటోలతో బెదిరిస్తుంటే, ఇలాంటి మాటలు పడాల్సొస్తుందనే ఇంట్లో నోరు విప్పలేదు. వాడు అడిగినప్పుడల్లా పంపుతూ పోయింది. చెవి కమ్మలు కూడా తాకట్టు పెట్టింది.

పటమట_అన్నయ్య:
నా సంగతి కాస్త చూడండి. ఇవాళ ఇంకో మెసేజ్. వీడియో కాల్‌లో బాడీ చెక్ ఉంటుందట, లేడీ కోఆర్డినేటరే చూస్తారట. అనుమానముంటే చూసుకోండని జీఎస్‌టీ నంబర్ కూడా పంపారు.

గవర్నర్‌పేట_వకీలు:
ఆ కాల్ ఎత్తనివ్వకండి. రికార్డు చేసి బెదిరించడానికే అది. కొలతలు కావాలంటే టేపుతో కొలిచి అంకెలు పంపితే చాలు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపించే వీలు అంత ఎక్కువ. బెదిరింపులు మొదలైతే చాట్ డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లతో ఏ స్టేషన్‌కైనా వెళ్లండి, మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. 18 నిండినవాళ్ల నగ్న ఫొటోలతో బెదిరిస్తుంటే, అవి పాకకుండా ఆపడానికి స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైట్ ఉంది. అక్కడ ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు, దాని డిజిటల్ గుర్తు నమోదైతే ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లాంటి చోట్ల అడ్డుకుంటారు.

మొగల్రాజపురం_టాక్స్:
జీఎస్‌టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొట్టి చూడండి, లాగిన్ కూడా అక్కర్లేదు. పేరు, వ్యాపారం కనిపిస్తాయి. నంబర్ లేనంత మాత్రాన దొంగ అనుకోకండి, సర్వీసుల్లో ఏడాదికి 20 లక్షలు దాటని చిన్నవాళ్లకి మామూలుగా అవసరం లేదు. వేరేవాళ్ల నంబర్ పంపేవాడితోనే జాగ్రత్త.

బ్రాడీపేట_అమ్మ:
వకీలు గారూ, చిన్నపిల్లలకి నిజంగానే యాడ్ వస్తే రూల్స్ ఉన్నాయా?

గవర్నర్‌పేట_వకీలు:
ఉన్నాయమ్మా. 2017లో మార్చిన బాల కార్మిక నిబంధనల ప్రకారం షూటింగ్ చేసేవాళ్లు కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. రోజుకి 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. అనుమతి కాగితం చూపించమనండి.

పటమట_అన్నయ్య:
చెల్లే కూర్చుని పోర్టల్‌లో కొట్టింది. వేరే రాష్ట్రంలో ఇనుము వ్యాపారిది ఆ నంబర్. అడిగితే బ్లాక్ చేశారు. రాత్రి అన్నం తినలేదు, పొద్దున మాత్రం మంగళగిరి చీరల షాపులకి ఫొటోలు పంపుతానంటోంది. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. పనికొస్తుందా?

బందరురోడ్డు_మోడల్:
ర్యాంప్‌కి 5 అడుగుల 8 అంగుళాల దాకా అడుగుతారు. చీరల వీడియోలకి ఆ పట్టింపు లేదు, కుచ్చిళ్లు నీటుగా పెట్టుకోవడం, బోర్డర్ కనపడేలా పట్టుకోవడం వస్తే పిలుస్తారు. వన్‌టౌన్‌లోనూ, మంగళగిరిలోనూ షాపువాళ్లతో నేరుగా మాట్లాడమనండి. రోజుకా, చీరకా, ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకోవాలి. బట్టలు మార్చుకునే గదికి లోపల గడియ ఉందో లేదో చూసుకోవాలి. మొదటిసారి మీరూ తోడు వెళ్లండి. ఫ్లాష్ గారు చెప్పిన ఆ డిజిటల్స్ ఈ ఆదివారమే మీ ఫోన్‌తో తీసి పెట్టండి. ఆ విషయంలో మాత్రం ఆయన చెప్పింది నిజం.