సుక్కోత్: పర్ణశాలా, గుడారమా, పందిరా?

ప్రశ్న: యూదుల సుక్కోత్‌ను తెలుగు బైబిలు ‘పర్ణశాలల పండుగ’ అంటోంది. కొందరు ‘గుడారాల పండుగ’ అని రాస్తున్నారు. ఏది సరి?

జవాబు: పర్ణశాలే సరి, అనుమానం అక్కర్లేదు. ‘సుక్కోత్’ అన్నది ‘సుక్కా’ అనే మాటకు బహువచనం. ‘సుక్కా’కు మూలం కప్పడం, నీడనివ్వడం అనే అర్థమున్న హీబ్రూ ధాతువు. గుడారానికి ఆ భాషలో ‘ఓహెల్’ అనే వేరే మాటే ఉంది. పైగా గుడ్డ కప్పితే అది సుక్కా కానే కాదు. కప్పు నేలలో మొలిచినదై ఉండాలి, కోసి తెచ్చి పరచాలి. ఈత మట్టలు, ఆకుల కొమ్మలు, వెదుళ్లు వాడతారు. లోపల ఎండకన్నా నీడ ఎక్కువ ఉండాలి. అయినా రాత్రి తలెత్తితే సందుల్లోంచి చుక్కలు కనిపించేలా పలచగా పరచడం మంచిదంటారు. ఆకుకే ఇంత పట్టింపు ఉన్నచోట ‘పర్ణం’ లేని మాట ఎలా పెడతాం?

ఈ పండుగ యూదుల పంచాంగంలోని తిష్రీ నెల 15న, అంటే పౌర్ణమికి మొదలై ఏడు రోజులు సాగుతుంది. 2024, 2025లలో మన ఆశ్వయుజ పౌర్ణమితో కలిసింది. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది కాబట్టి భాద్రపద పౌర్ణమికే పడింది. వాళ్లకూ అధికమాసం ఉంది, 19 ఏళ్లలో ఏడుసార్లు వస్తుంది.

మరొక సభ్యురాలు: మాస్టారూ, పర్ణశాల అనగానే నాకు పంచవటి, సీతాపహరణం గుర్తొస్తాయి. వాళ్లేమో దీన్ని ‘మన ఆనందకాలం’ అంటారు. పందిరి అనకూడదా? పెళ్లిపందిరిలో సంతోషం ఉంది కదా.

జవాబు: అమ్మా, మీ మాటలో న్యాయం ఉంది. కానీ పందిరికి గోడలుండవు. సుక్కాకు రెండు నిండు గోడలు, మూడోది కొంతైనా ఉండాలి. పందిట్లో భోంచేసి ఇంటికి వెళ్లిపోతాం. సుక్కాలోనైతే భోజనం, వీలైతే నిద్ర కూడా అక్కడే. ఐగుప్తు విడిచిన పూర్వులు ఎడారిలో ఇలాగే బతికారని తరతరాలకు తెలియాలన్నది బైబిలులోని లేవీయకాండం చెప్పే కారణం. ఇల్లు వదిలినవాళ్ల ఆకుటిల్లు అది. ఆ బరువు మన భాషలో పర్ణశాల అన్న మాటకే ఉంది.

వాన వస్తే ఎప్పుడు లేచి ఇంట్లోకి వెళ్లవచ్చు అన్న ప్రశ్నకు యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనం మిష్నా ఇచ్చిన జవాబు నాకెంతో ఇష్టం: గిన్నెలో జావ పాడయ్యేంతగా కురిసినప్పుడు.