'మూడో పిలుపు': వన్‌టౌన్ పాత ఇంట్లో హారర్ ట్రైలర్ తీస్తున్నాం, ప్లాన్ చూసి సలహా ఇవ్వండి

తీరం అమ్మాయి

అందరికీ నమస్కారం. నేను వైజాగ్‌లో డిగ్రీ రెండో సంవత్సరం, విజువల్ కమ్యూనికేషన్ చదువుతున్నాను. ఈ సెమిస్టర్ ప్రాజెక్టుగా మా బృందం ఒక హారర్ సినిమాకి ట్రైలర్ తీయాలి. సినిమా ఉండదు, ట్రైలర్ ఒక్కటే, నిడివి నిమిషంన్నర. షూటింగుకి ముందే స్క్రిప్టు, స్టోరీబోర్డు, షెడ్యూలు, లొకేషన్ ఫొటోలు కలిపి ప్లానింగ్ ఫైలు ఇవ్వాలి. దానికి విడిగా మార్కులున్నాయి.

కథ ఇది. మా అమ్మమ్మగారి ఇల్లు వన్‌టౌన్‌లో, పాతపోస్టాఫీసు దగ్గర. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే, రాత్రి బయటినుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకనిచ్చేది కాదు. "మూడోసారి పిలిస్తేగానీ పలక్కే గుంటా" అనేది. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందట. హార్బర్ పక్కనే కాబట్టి ఆ ఇంట్లోకి రాత్రిపూట ఓడ కూత కూడా బాగా వినిపిస్తుంది. ఈ రెండూ కలిపాను. చదువు కోసం ఆ ఇంటికి వచ్చిన అమ్మాయిని రోజూ రాత్రి ఓడ కూయగానే ఎవరో పేరు పెట్టి పిలుస్తుంటారు. రెండుసార్లే. ఒక రాత్రి మూడో పిలుపు వస్తుంది.

మేం ఆరుగురం, నలుగురు అమ్మాయిలు. ఒక డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్సు, నా ఫోను, ఒక ట్రైపాడ్ ఉన్నాయి. అందరం వేసుకుంటే 8,000 రూపాయలు అయ్యాయి. నటించేది మా క్లాసమ్మాయి, మా అమ్మమ్మ, పక్కింటి పదేళ్ళ పాప. షూటింగు నవంబరు చివర్లో.

టెన్షన్ పెడుతున్నవి చెప్తాను. కథంతా రాత్రే, కానీ రాత్రి షూటింగుకి ఎవరింట్లోనూ ఒప్పుకోవడం లేదు. చివరి సీను భీమిలి డచ్చి వాళ్ళ సమాధుల దగ్గర అనుకున్నాం. హార్బర్ మీద ఒక డ్రోన్ షాట్ కావాలి. దెయ్యం ఎవరంటే, ఏజెన్సీ (మన్యం) నుంచి వచ్చి చిల్లంగి, అంటే చేతబడి, చేసే ముసలామె అని ఫ్లాష్‌బ్యాక్ రాశాం. జంప్ స్కేర్లు, అంటే ఒక్కసారిగా ఉలిక్కిపడేలా చేసేవి, మూడు. ఇదంతా నిమిషంన్నరలో పడుతుందా?

డాబాగార్డెన్స్ ఎడిటర్

పట్టదు చెల్లీ. పట్టించాలని చూడొద్దు కూడా. నీ కథకి బలం ఆ రెండు పిలుపులే. ఫ్లాష్‌బ్యాక్, సమాధులు, డ్రోన్ తీసేసి ఒకసారి చదువు, ఏమీ తగ్గదు.

హారర్ ట్రైలర్‌లో చూసేవాళ్ళకి మొదట ఒక నియమం అర్థం కావాలి. మన ఊళ్ళలో ఒకప్పుడు తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకునేవారు. ఆ మాట చదివినవాడికి దెయ్యం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు, అది రోజూ వస్తుందనీ, రాసింది చదివి వెళ్ళిపోతుందనీ తెలిస్తే చాలు. నీకు అమ్మమ్మ మాట అలాంటిది. మొదటి 30 సెకన్లలో అది వచ్చేయాలి. ఆ తర్వాత ఓడ కూసిన ప్రతిసారీ చూసేవాళ్ళే లెక్కపెట్టుకుంటారు, భయం వాళ్ళే తెచ్చుకుంటారు.

లెక్క ఇలా వేసుకో. మొదటి 30 సెకన్లకి ఆరేడు షాట్లు, నింపాదిగా. మధ్య 40 సెకన్లకి పదిహేను. చివరి 20 సెకన్లకి ఇరవై దాకా పడతాయి, ఒక్కోటి సెకను. మొత్తం నలభై పైన. కంగారు పడకు, ఇన్ని షాట్లకి ఇన్ని సెటప్‌లు అక్కర్లేదు. మెట్ల దగ్గర కెమెరా ఒకసారి పెడితే మూడు నాలుగు షాట్లు వస్తాయి. ఇరవై సెటప్‌లలో అయిపోతుంది. మీలాంటి చిన్న బృందానికి లైటు మార్చి, ఫ్రేము పెట్టి, రిహార్సల్ చేసి తీయడానికి సెటప్‌కి అరగంట వేసుకో. అంటే పది గంటలు, భోజనం, సర్దుకోవడం కలిపి రెండు రోజులు. మూడో రోజు ఖాళీగా ఉంచు, మిగిలిపోయినవాటికి.

ఫైలులో స్టోరీబోర్డు బొమ్మలు గీయడానికి ముందు ఒక పని చెయ్. ఫోను తీసుకుని ఆ ఇంటికి వెళ్ళు. నీ స్నేహితురాలిని ప్రతి షాట్‌లో ఎక్కడ ఉండాలో అక్కడ నిలబెట్టి ఫొటో తియ్. ఆ ఫొటోలని టైమ్‌లైన్ మీద వరసగా పెట్టి, కింద పిలుపు, కూత నీ గొంతుతోనే రికార్డు చేసి వెయ్యి. కదలని ఫొటోలతోనే ట్రైలర్ ఎక్కడ సాగదీసినట్టుందో తెలిసిపోతుంది. అక్కడ తీసేసిన ప్రతి సెటప్పూ షూటింగులో మీకు అరగంట మిగులుస్తుంది. నేను ఏ పని ఒప్పుకున్నా ఇదే ముందు చేస్తాను, పెళ్ళి టీజర్ అయినా సరే.

జంప్ స్కేర్ ఒక్కటి చాలు. అదీ టైటిల్ పడ్డాక, ఇక అయిపోయిందనుకున్నప్పుడు.

సౌండ్ అక్క

పైన ఎడిటర్ చెప్పిందానికి నా వైపునుంచి. నీ ట్రైలర్‌లో దెయ్యం అంటే శబ్దమే, కాబట్టి షెడ్యూలులో సౌండుకి విడిగా ఒక పూట రాసుకో. చాలామంది విద్యార్థులు షూటింగు అయ్యాక యూట్యూబ్‌లో 'హారర్ మ్యూజిక్' వెతుకుతారు. ఆ సంగీతం అందరి ట్రైలర్లలోనూ విన్నదే ఉంటుంది, కాపీరైట్ గొడవ ఒకటి.

ఓడ కూతని ఆ ఇంట్లోంచే రికార్డు చెయ్. షూటింగు రోజున ఓడ నీకోసం కూయదు కాబట్టి ముందే, రాత్రి, ఇంట్లోవాళ్ళ తోడుతో డాబా మీద ఫోను పెట్టి వదిలెయ్. సముద్రపు గాలి మైకులో కొడుతుంది, ఫోనుకి పలచని స్పాంజి చుట్టు. తర్వాత అదే కూతని కిటికీలు మూసి గదిలోంచి కూడా రికార్డు చెయ్. బయటి కూత, గోడల అవతలినుంచి వచ్చే కూత వేరువేరుగా ఉంటాయి. ట్రైలర్ నడిచేకొద్దీ గదిలో కూత నుంచి బయటి కూతకి మారితే అదేదో దగ్గరికొస్తున్నట్టు ఉంటుంది. ఏ ఎఫెక్టూ అక్కర్లేదు.

ఒక చిక్కుంది. 200 మీటర్లు, అంతకన్నా పొడవైన ఓడల హారన్ అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 70 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంత కింది స్థాయి శబ్దాన్ని ఫోను స్పీకరు, ల్యాప్‌టాప్ స్పీకరు సరిగ్గా పలకలేవు. మీ సార్లు ల్యాప్‌టాప్‌లో చూస్తే నీ కూత సన్నగా గాలిలా పోతుంది. అందుకని దాని మీద ఇంకో పొర వెయ్యి. ఇత్తడి పళ్ళెం అంచు మీద వయొలిన్ కమాను నెమ్మదిగా లాగితే ఒక కీచు వస్తుంది, కూత కింద అది సన్నగా కలుపు. కమాను దొరక్కపోతే గ్లాసు అంచు మీద తడివేలు తిప్పినా పని జరుగుతుంది. కలిపాక హెడ్‌ఫోన్‌లోనూ, మామూలు ఫోనులోనూ విని చూడు.

ప్రతి గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దం రికార్డు చెయ్, దాన్ని రూమ్ టోన్ అంటాం. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేసి. కట్‌ల మధ్య అది పరవకపోతే శబ్దం ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఇక భయపెట్టే నిశ్శబ్దం కావాలనుకున్న చోట ఆ రూమ్ టోన్ కూడా తీసెయ్. చెవికి తేడా తెలుస్తుంది.

పిలిచే గొంతు ఎవరిది? దీన్ని పైన రాయలేదు నువ్వు. భయంకరంగా అరిచే గొంతు వద్దు. మీ అమ్మమ్మ చేతే, అన్నానికి పిలిచినట్టు పిలిపించు.

కెమెరా అసిస్టెంట్, ఎంవీపీ

రాత్రి షూటింగు అసలు పెట్టుకోకండి. ఇంటి లోపలి సీన్లన్నీ పగలే తీసి రాత్రి అనిపించొచ్చు, నలుగురూ ఆరింటికల్లా ఇళ్ళకి చేరొచ్చు. కిటికీలకి బయటినుంచి నల్ల టార్పాలిన్ కట్టండి, లోపల అంచుల్లోంచి వెలుగు కారేచోట టేపు వేయండి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది, టార్పాలిన్ పటపటమంటే సౌండ్ అక్కకి కోపం వస్తుంది, కింద ఇటుకలు పెట్టండి.

పూర్తి చీకట్లో తీయొద్దు. ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుని పట్టే స్థాయి) పెంచుకుంటూ పోతే బొమ్మంతా నాయిస్, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఒకవైపునుంచి చిన్న లైటు మొహం మీద పడాలి, వెనక తెరిచిన గుమ్మం నల్లగా ఉండాలి. చూసేవాళ్ళ కళ్ళు ఆ గుమ్మం మీదే ఉంటాయి. పాత ఇళ్ళకి తెల్లసున్నం గోడలు కదా, వెలుగు తిరిగొచ్చి గదంతా తెల్లబడుతుంది. లైటుకి ఎదురుగోడకి నల్ల దుప్పటి వేలాడదీయండి.

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు, చౌక ఎల్‌ఈడీ బల్బుల కింద షటర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టకపోతే బొమ్మలో గీతలు ఆడతాయి. 25 ఫ్రేములు, 1/50 పెట్టుకుని మర్చిపోండి. చిన్న గదుల్లో 50 ఎంఎంతో వెనక్కి జరగడానికి చోటుండదు, అది మొహాలకి ఉంచి గదంతా కనిపించే షాట్లు ఫోనుతో తీయండి. రెండిట్లోనూ వైట్ బ్యాలెన్స్ (రంగుల సెట్టింగు) ఆటోలో వద్దు. ఫోనులో ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, లేకపోతే మీరు కష్టపడి తెచ్చిన చీకటిని అదే వెలిగించేస్తుంది.

బయట ఒక్క షాట్ తప్పదనుకుంటే సాయంత్రం బీచ్‌లో. మన దగ్గర సూర్యుడు కొండల వెనక దిగుతాడు, నవంబరు చివర్లో అయిదున్నర లోపే. ఆ తర్వాత ఇరవై నిమిషాలు సముద్రం, ఆకాశం నీలంగా ఉంటాయి. ఆ ఇరవై నిమిషాల్లో రెండు షాట్లు, అంతే. ట్రైపాడ్ ముందే వేసి కాచుకోవాలి. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బయటికి తెస్తే మన ఉక్కకి లెన్సు మీద ఆవిరి పడుతుంది, కాస్త ముందే సంచిలోనే బయట ఉంచండి.

పోర్టు పెద్దాయన

అమ్మా, నేను పోర్టులో పనిచేసి రిటైరయ్యాను, మీ అమ్మమ్మగారి పేటవాడినే. ఓడ కూత మీద కథ అల్లుతున్నావు కాబట్టి చెప్తున్నాను. ఆ కూతలకి అర్థాలున్నాయి. పొడుగు కూత అంటే నాలుగు నుంచి ఆరు సెకన్లు. పొట్టి కూత సుమారు ఒక సెకను. ఒక పొట్టి కూత వేస్తే ఓడ కుడివైపు తిరుగుతోందని, రెండు వేస్తే ఎడమవైపు అని. మూడు పొట్టి కూతలు వేస్తే ఇంజను వెనక్కి నడుపుతున్నానని ఎదుటి ఓడకి చెప్పడం. ఇది ప్రపంచమంతా ఒకటే. నీ కథలో మామూలు రాత్రుల్లో రెండు కూతలు, ఆ చివరి రాత్రి మూడు కూతలు పెట్టి చూడు. వెళ్ళిపోయిందేదో వెనక్కి వస్తోందన్నమాట. ఆ ఒక్క ముక్క అమ్మమ్మ పాత్ర చేత చెప్పించు.

డ్రోన్ ఆలోచన మానెయ్యి. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం. పక్కనే నేవీ, పోర్టు, విమానాశ్రయం కూడా నేవీదే. బొమ్మ కోసం ఎగరేశామంటే ఎవరూ వినరు, పిల్లలు కేసుల్లో ఇరుక్కుంటారు. పోర్టు గేట్లు, నేవీ గోడలు ఫ్రేములో పడకుండా చూసుకోండి. బీచ్ రోడ్డులో ట్రైపాడ్ వేసేముందు కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకుని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో చూపించండి. భీమిలి సమాధులు ఎవరివైనా సమాధులే, వాటిమీద దెయ్యాల ఆట వద్దని నా మాట.

చిల్లంగి సంగతి గట్టిగా చెప్తాను. మన ఏజెన్సీలో చిల్లంగి చేశారన్న అనుమానం మీద ముసలివాళ్ళని, ఆడవాళ్ళని కొట్టి చంపిన కేసులు నిజంగా ఉన్నాయి. ఆ అనుమానాన్ని తెరమీద నిజమని చూపిస్తే, చదువుకున్న పిల్లలు కూడా దానికి వత్తాసు పలికినట్టే. దెయ్యానికి ఊరూ కులమూ పెట్టకండి.

అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న ఈ ఊరిని ఏం చేసిందో నీకు చిన్నతనం, ఇంట్లో అడుగు. ఎడిటర్ బాబు చెప్పిన ఖాళీ రోజుని పక్కరోజే కాకుండా వారం తర్వాత పెట్టుకో.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్

నెత్తురు సీనుంటే ఒక్క మాట. దిష్టి తీసే ఎర్రనీళ్ళలా పసుపు, సున్నం కలిపితే ఎరుపు భలే వస్తుంది, నేల మీద పోయడానికి వాడుకోవచ్చు. మొహానికి మాత్రం వద్దు, సున్నం కళ్ళలో పడితే ప్రమాదం. మొహానికి పంచదార పాకంలో తినే ఎర్ర రంగు, చిటికెడు కాఫీ పొడి. పాప ఉన్న షాట్లన్నీ ఒకే పగటిపూట పెట్టి, వాళ్ళమ్మ పక్కనుండగా తీసేసి పంపించేయండి. వాళ్ళ చేత అనుమతి కాగితం రాయించుకోండి. కాల్ షీట్‌లో ఎవరు ఎన్నింటికి రావాలి, భోజనం ఎక్కడినుంచి, ఎవరింటికి ఎవరు ఫోన్ చేయాలి, దగ్గరి ఆసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) అని కూడా రాయండి. డబ్బులో పెద్దభాగం తిండికీ ఆటోలకీ ఉంచండి.

తీరం అమ్మాయి

అందరికీ చాలా థ్యాంక్స్. మా వాళ్ళతో కూర్చుని మాట్లాడాను. ఫ్లాష్‌బ్యాక్, సమాధులు, డ్రోన్ మూడూ తీసేశాం. పెద్దాయన గారూ, మూడు కూతల అర్థం విన్నాక స్క్రిప్టు మొత్తం దాని చుట్టూ తిరిగి రాశాను. అమ్మమ్మ పాత్ర మొదట్లోనే కూతల సంగతి మామూలు కబురులా చెప్తుంది, రెండు పిలుపుల మాట ఆ వెంటనే అంటుంది. అక్కా, పిలిచే గొంతు అమ్మమ్మదే. ట్రైలర్ చివర అమ్మమ్మ మంచం మీద నిద్రపోతూ కనిపిస్తుండగా బయటినుంచి ఆమె గొంతే పిలుస్తుంది, మూడు కూతల తర్వాత.

ఈ ఆదివారం ఫొటోలు తీయడానికి ఆ ఇంటికి వెళ్తున్నాం. ఎడిటర్ అన్నా, ఫొటోల వీడియో అయ్యాక ఇక్కడ పెడతాను. ఎక్కడ సాగుతోందో మొహమాటం లేకుండా చెప్పాలి.

డాబాగార్డెన్స్ ఎడిటర్

పెట్టు, చూస్తాను. మంచం షాట్‌కి ముందు అమ్మమ్మ ఆ గదిలోకి వెళ్ళి పడుకునే షాట్ ఒకటి ఉందో లేదో చూసుకో. అది లేకపోతే ఆ గొంతు ఎవరిదన్నది చూసేవాళ్ళకి తట్టదు.