పాత ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ బూట్ అవ్వట్లేదు, కాస్త చెప్పండి

మా నాన్నగారి పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామని 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే టూల్‌తో దాని ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) ఎక్కించాను. డౌన్‌లోడ్‌లో తేడా లేదు, ఎస్‌హెచ్‌ఏ256 (ఫైల్ పాడవలేదని చూసే కోడ్) కూడా సరిచూశాను. నా కొత్త ల్యాప్‌టాప్‌లో అదే పెన్‌డ్రైవ్ చక్కగా బూట్ అవుతోంది. పాతదాంట్లో మాత్రం బూట్ మెనూలో దాన్ని ఎంచుకోగానే నల్ల తెర, మూలన మిణుకుమనే గీత, అంతే.

రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ (డిస్క్ భాగాల అమరిక) జీపీటీ అని పెట్టాను. పాతదాని సెటప్‌లో యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అన్న మాటే కనబడలేదు, ఉన్నది లెగసీ బయోస్ (పాత బూట్ పద్ధతి) ఒక్కటే అనుకుంటా. జీపీటీ బదులు ఎంబీఆర్ (పాతరకం అమరిక) పెట్టి మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందా?

అసలు టెన్షన్ వేరే ఉంది. ఆ పాత ల్యాప్‌టాప్‌లో మా అమ్మ ఫోటోలున్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. లోపలి పాత సిస్టమ్ తెరుచుకోవట్లేదు. ఇన్‌స్టాల్ జోలికి పోకుండా, పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటు నడిపే 'ట్రై ఉబుంటు'లోకి వెళ్లి ముందు వాటిని బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చా? హార్డ్ డిస్క్‌లో ఏదీ చెరిగిపోదు కదా? ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.