అమ్మ ఇంప్లాంట్‌కు ఆవు ఎముక పొడి వేస్తారట, వేరేది ఏమైనా ఉందా?

అడిగినవారు: హన్మకొండ అబ్బాయి

అందరికీ నమస్తే. మా అమ్మకు పైదవడలో కుడివైపు దవడపన్ను రెండేళ్ల కింద తీయించాం, ఇప్పుడు ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ బిగించి దానిపై పెట్టే పన్ను) కోసం వెళ్తే స్కాన్ తీసి, అక్కడ ఎముక 4 మిల్లీమీటర్లే ఉంది, పైన సైనస్ (ముక్కు పక్కన గాలి ఉండే ఖాళీ) కిందికి దిగింది, సైనస్ లిఫ్ట్ చేసి, అంటే దాని పొరను పైకి లేపి, కింద బోన్ గ్రాఫ్ట్ (ఎముక పెరగడానికి వేసే పొడి) పెట్టాలి అన్నారు. అమ్మ ఊరుకోకుండా ఆ పొడి దేనితో చేస్తారని అడిగింది. ఆవు ఎముకతో అనగానే కుర్చీలోంచి లేచి వచ్చేసింది. మా ఇంట్లో మాంసం ముట్టరు, అమ్మ ప్రతి శుక్రవారం భద్రకాళి గుడికి పోతుంది. "అది నోట్లె పెట్టుకొని గుడికెట్ల పోతా బిడ్డా, ఉన్న పండ్లతోనే నములుకుంటా" అంటోంది. ఇంకో క్లినిక్‌లో మనిషి ఎముకది కూడా ఉంది అన్నారు, అది విని ఇంకా భయపడింది. షుగర్ కూడా ఉంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే టెస్ట్) 8.2. అసలు పశువుది కాకుండా వేయరా? వేస్తే నిలబడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కరీంనగర్ పళ్ల డాక్టర్:

తమ్ముడూ, అమ్మగారు అడిగింది న్యాయమైన ప్రశ్న, ఆమెను ఎవరూ తప్పుపట్టొద్దు. శరీరంలో ఏం పెడుతున్నారో తెలుసుకునే హక్కు పేషెంట్‌ది, చెప్పాల్సిన బాధ్యత మాది.

పశువు ఎముకలోని కొవ్వు, ప్రొటీన్ అంతా వేడితో, కెమికల్స్‌తో తీసేసి ఖనిజం మాత్రమే మిగులుస్తారు. అది చాలా నెమ్మదిగా కరుగుతుంది, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, అందుకే సైనస్‌లో ఎక్కువ వాడతారు. మనిషి ఎముక టిష్యూ బ్యాంకుల (దానంగా వచ్చిన ఎముక, చర్మం లాంటివి భద్రపరిచే చోటు) నుంచి వస్తుంది, ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ల టిష్యూ బ్యాంకు ఉంది, అక్కడ రేడియేషన్‌తో శుద్ధి చేసి ఇస్తారు. సొంత ఎముక కావాలంటే గడ్డం దగ్గరో, కింది దవడ వెనకాలో ఇంకో కోత పెట్టాలి. ఇవేవీ వద్దంటే సింథటిక్ ఉంది, హైడ్రాక్సీ అపటైట్, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ కలిపి ఫ్యాక్టరీలో తయారుచేసే గింజలు. రెండోది ముందు కరిగి మన ఎముకకు చోటిస్తుంది, మొదటిది ఎక్కువ కాలం నిలబడి ఆకారం కాపాడుతుంది. ఏ గ్రాఫ్ట్ అయినా సొరతీగకు పందిరి లాంటిదే, పాకాల్సింది మన ఎముకే. సైనస్ లిఫ్ట్‌లో సింథటిక్ వేసినా ఇంప్లాంట్లు బాగానే నిలుస్తున్నాయి, ఆ విషయంలో భయం వద్దు.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, అందరూ పొడి గురించే అడుగుతారు, పైన కప్పే కొల్లాజెన్ మెంబ్రేన్ (ప్రొటీన్‌తో చేసిన పల్చటి పొర) గురించి అడగరు. అది మామూలుగా పందిదో పశువుదో అయి ఉంటుంది. కుట్లకు క్యాట్‌గట్ దారం అయితే అది కూడా పశువుల పేగుతో చేసిందే. సింథటిక్ మెంబ్రేన్లున్నాయి, విక్రిల్ అనే సింథటిక్ దారం ఉంది, ఇవి వాడమని ముందే చెప్పండి.

అన్నిటికంటే ముందు షుగర్. పొడి ఏదైనా 8.2తో చేయించుకోవద్దు, 7కు అటూఇటూ వచ్చాకే ముహూర్తం పెట్టుకోండి.

కాజీపేట అక్క:

నేను సింథటికే వేయించుకున్నా, అదీ సైనస్ లిఫ్టే. ముందు చేతి నుంచి రక్తం తీసి మెషీన్‌లో గిర్రున తిప్పారు, ట్యూబులో లేత పసుపు రంగు జిగురు ముద్ద తేలింది, పీఆర్‌ఎఫ్ అంటారట. దాన్ని నొక్కి పల్చటి పొరలా చేసి కొంత తెల్ల గింజల్లో కలిపారు, కొంత పైన కప్పారు. నా రక్తమే కాబట్టి మనసుకు ఇబ్బంది అనిపించలేదు. అమ్మకు ఈ మాట చెప్పి చూడు తమ్ముడూ. తర్వాత చెంప బాగా వాస్తుంది, టెన్షన్ పడొద్దు. ముక్కు చీదొద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, స్ట్రాతో తాగొద్దు. ఇంప్లాంట్ మీద పన్ను పెట్టడానికి నెలల తరబడి ఆగాల్సి వచ్చింది, ఆ ఓపిక మాత్రం కావాలి.

జగిత్యాల నుంచి:

మా నాయినకు ఏం పెట్టారో ఇప్పటికీ మాకు తెలియదు. బిల్లులో "గ్రాఫ్ట్" అని ఒక్క ముక్క రాసి ఉంది, అంతే. ఆయన బీడీలు మానలేదు, మానాలని గట్టిగా చెప్పినవాళ్లు కూడా లేరు, చీము పట్టి అంతా తీసేయాల్సి వచ్చింది. డబ్బు పోయిందన్న బాధ కంటే అడిగితే జవాబు చెప్పలేదన్న బాధే ఎక్కువ. దయచేసి పొడి సీసా మీద, మెంబ్రేన్ ప్యాకెట్ మీద ఉండే స్టిక్కర్ మీ ఫైల్లో అంటించమని అడగండి. కంపెనీ పేరు, లాట్ నంబర్, గడువు తేదీ అందులోనే ఉంటాయి.

హన్మకొండ అబ్బాయి:

అందరికీ చాలా థాంక్స్. సొంత రక్తం పొర, ఫ్యాక్టరీ గింజలు అనగానే అమ్మ మెత్తబడింది. ముందు షుగర్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా. ఇంకో డౌట్ సార్, కింద ఎడమవైపు పన్ను కూడా తీసేయాలి అన్నారు. దానికీ ఇదే గతి పడుతుందా?

కరీంనగర్ పళ్ల డాక్టర్:

కింద సైనస్ ఉండదు కాబట్టి ఆ గొడవ లేదు. కానీ పన్ను తీసిన చోట ఏడాదిలో ఎముక వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. అక్కడ ఇంప్లాంట్ పెట్టే ఆలోచన ఉంటే పన్ను తీసే రోజే ఆ గుంతలో సింథటిక్ గింజలు నింపమని అడగండి, సాకెట్ ప్రిజర్వేషన్ అంటారు. చీము ఉంటే మాత్రం ముందు అది తగ్గాలి. ఇంకో మాట, ఎముకలు గుల్లబారాయని అమ్మగారు ఎప్పుడైనా జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ గానీ, వారానికో మాత్ర గానీ వాడి ఉంటే పన్ను తీయకముందే డాక్టర్‌కు చెప్పండి, ఆ మందుల వల్ల దవడ ఎముక మానక ఇబ్బంది అయ్యే అవకాశం ఉంది.